కిలోమీటరు కొద్దీ మమకారం

ప్రభుత్వాలకు గుండె లేదని నిందించేవారు ఒక్కసారి ప్రపంచ పటం తెరిచి చూడాలి. మానవ హక్కుల కార్యకర్త ఎంత దూరాన ఉంటే ప్రేమ అంతగా పొంగుతుంది. సముద్రానికి అవతల ఉంటే ధీరోదాత్తుడు. పొరుగు దేశంలో ఉంటే ఉద్యమకారుడు. అదే మనిషి సొంత రాజధానిలో ప్లకార్డు పట్టుకుంటే శాంతిభద్రతల సమస్య. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? విదేశాంగ శాఖలు నడిచేదే ఆ సామెత మీద.

1998 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ కార్యకర్తల కోసం ఒక ప్రకటనను ఆమోదించింది. ముసాయిదాకు పదేళ్లకు పైగా పట్టింది. అన్నేళ్లు చెక్కిన ఆ పత్రంలో ‘మానవ హక్కుల రక్షకులు’ అన్న మాట ఒక్కచోటా కనిపించదు. పేరు పెట్టి పిలిస్తే ఎక్కడ పలుకుతారోనని కాబోలు. పాటించి తీరాలన్న నిర్బంధం లేదు గనుక ఓటింగు అవసరం లేకుండానే అందరూ తలూపారు.

2004లో ఐరోపా సమాఖ్య మార్గదర్శకాలు రాసుకుంది. కార్యకర్తల మీద విచారణ జరిగితే దౌత్యవేత్తలు వెళ్లి చూడాలి, జైల్లో కలిసి రావాలి. కోర్టు తలుపులు మూసేస్తే వరండాలో నిలబడతారు. దీన్ని మాత్రం వెక్కిరించను. బయట ఒకరు నిలబడి ఉన్నారన్న కబురు బోనులో ఉన్న మనిషికి కొండంత అండ. అయితే సాయంత్రం వెలువడే ప్రకటనలో ‘ఆందోళన’ అని రాయాలా, ‘తీవ్ర ఆందోళన’ అని రాయాలా అన్నది తేల్చే ముందు వాణిజ్య విభాగాన్ని కూడా ఒక మాట అడగాలి కదా!

అడగకపోతే ఏమవుతుందో నార్వేకు తెలుసు. 2010లో చైనా మానవ హక్కుల కార్యకర్త లియు షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన చైనా జైల్లో ఉన్నారు గనుక ఓస్లో వేదిక మీద ఖాళీ కుర్చీ వేశారు. బహుమతి ఇచ్చింది నార్వేలోని నోబెల్ కమిటీ, చైనా అలిగింది నార్వే ప్రభుత్వం మీద. సాల్మన్ చేపల వ్యాపారానికి దెబ్బ తగిలింది. ఆరేళ్ల అలక తర్వాత, 2016 డిసెంబరులో, చైనా కీలక ప్రయోజనాలకు భంగం కలిగించే చర్యలను సమర్థించబోమని నార్వే ఉమ్మడి ప్రకటనలో రాసిచ్చింది. ఏడు నెలలకు లియు ఆసుపత్రిలో, కాపలా మధ్య, కన్నుమూశారు. చేపలు అప్పటికి క్షేమం.

ఇక ప్రాణభయంతో దేశం విడిచి రాదలచిన కార్యకర్తకు వీసా కావాలి. దరఖాస్తు చేయడం సులభమే. బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. ఆ ఖాతాను స్వదేశీ ప్రభుత్వం స్తంభింపజేసి ఉంటే అది వేరే సంగతి. ఉద్యోగం ఇచ్చినవారి లేఖ కావాలి. ఉద్యోగం నుంచి తీయించింది కూడా ఆ ప్రభుత్వమే. చివరగా, పర్యటన ముగిశాక తప్పక స్వదేశానికి తిరిగి వెళతారనడానికి బలమైన రుజువు చూపాలి. ఆయన దగ్గర ఒకే ఒక్కటి ఉంది. అరెస్టు వారంటు. దాన్ని ఏ గడిలో జతచేయాలో ఫారంలో లేదు.