ఎడీమా అంటే ఉబ్బా, నీరా?

ఒకరు మాటల పుట్టుక ఎరిగిన భాషా పండితుడు, మరొకరు రోజూ రోగుల్ని చూసే వైద్యుడు. ‘ఎడీమా’ అనే ఇంగ్లీషు వైద్య పదానికి నిఘంటువులో ‘నీరు పట్టడం’ అని అర్థం రాయడం సరైనదేనా అన్నది వాదం.

పండితుడు: సరైనది కాదు డాక్టరు గారూ. గ్రీకులో ‘ఒయిడేయిన్’ అంటే ఉబ్బడం. దాన్నుంచి వచ్చిన ‘ఒయిడేమా’ అంటే ఉబ్బు. అందులో నీటి ఊసే లేదు. గ్రీకు పురాణంలోని రాజు ఈడిపస్ పేరులో మొదటి సగం ఈ ధాతువే. పసితనంలో పాదాలకు పొడిచిన గాయాల వల్ల కాళ్లు వాచిన బిడ్డ అతను. చరకుడు వాడిన ‘శ్వయథు’ కూడా అంతే, ఉబ్బడమనే అర్థమున్న ‘శ్వి’ ధాతువు నుంచి పుట్టింది. నీటిని పేరులోనే చెప్పే గ్రీకు మాట వేరే ఉంది, ‘హ్యుడ్రోప్స్’. అదే లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి మొదటి అక్షరం రాలిపోయి ‘డ్రాప్సీ’ అయింది. మీరు ఆ రెంటినీ ఒకటి చేశారు.

వైద్యుడు: చేయక తప్పలేదు మాస్టారూ. డ్రాప్సీని ఒక రోగమనుకున్నంత కాలం దానికి వేరే పేరు కావలసివచ్చింది. ఒళ్లు పొంగినవాళ్లలో కొందరి మూత్రంలో అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ పోతోందని, వాళ్ల మూత్రపిండాలు చెడిపోయాయని ఇంగ్లీషు వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో చూపించాడు. నీరు ఎలా చేరుతుందో శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు. సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది, రక్తంలోని ప్రొటీన్లు లోపల పట్టి ఉంచుతాయి, బయట మిగిలినదాన్ని లింఫు నాళాలు తీసుకుపోతాయి. గుండె నీరసిస్తే మొదటిది పెరుగుతుంది, అల్బుమిన్ పడిపోతే రెండోది తగ్గుతుంది, లింఫు దారి మూసుకుంటే మూడోది ఆగుతుంది. ఎటు చెడినా కణాల మధ్య చేరేది నీరే. ఈనాటి అర్థం అదే, ధాతువు ఏమన్నా సరే.

పండితుడు: మరి మిక్సెడీమా? థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు వచ్చే ఆ ఉబ్బుకి 1878లో విలియం ఆర్డ్ ఆ పేరు పెట్టాడు. బొటనవేలితో నొక్కితే గుంటే పడదు. అది నీరైతే పక్కకు జరగాలి కదా?

వైద్యుడు: అక్కడా నీరుంది. చర్మం కింద పేరుకున్న జిగురు పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి కదలదు. అందుకే నొక్కి చూడటం ముఖ్యమంటాను. చీలమండకు కాస్త పైన, కాలి లోపలి వైపు ఎముక మీద బొటనవేలు ఆనించి కనీసం 5 సెకన్లు నిదానంగా అదమాలి. తటాలున నొక్కి వదిలేస్తే ఏమీ తెలియదు, చాలామంది తప్పేది ఇక్కడే. వేలు తీశాక చూపుతో సరిపెట్టుకోకుండా, వేలికొసతో తడమాలి. గుంట 2 మిల్లీమీటర్లుంటే మొదటి మెట్టు, 8 ఉంటే నాలుగోది. ఆ తర్వాత గడియారం చూడాలి. 40 సెకన్ల లోపే పూడిపోతే అల్బుమిన్ తక్కువేమో అని అనుమానించాలి. నిమిషం దాటినా గుంట అలాగే ఉంటే సిరల్లో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. మంచం పట్టిన మనిషికి కాళ్లు చూసి ఊరుకుంటే పొరపాటు, నీరు నడుము కింద చేరి ఉంటుంది. ఇంకొకటి: గుంట కనపడేసరికే ఒంట్లో రెండున్నర, మూడు లీటర్లు అదనంగా చేరి ఉండొచ్చు. అందుకే రోజూ ఉదయం ఒకే వేళకు బరువు చూసుకోమంటాం. అది గుంట కన్నా ముందే చెబుతుంది.

పండితుడు: మీరే దారి చూపారు. ‘నీరు పట్టింది’ అనగానే రోగి నీళ్లు తాగడం మానేస్తాడు, ఉప్పు మాత్రం వదలడు. ఆ మాట చేసే చెడు అది.

వైద్యుడు: ఇది ఒప్పుకుంటాను. ఒంట్లో లీటరు నీరు అదనంగా నిలవాలంటే దానితో 8, 9 గ్రాముల ఉప్పు నిలవాలి. గుండె, మూత్రపిండాల జబ్బుల్లో నీళ్లకు కొలత పెట్టేదీ ఉంది, కానీ అది వైద్యుడు చెబితేనే. ఉప్పు తగ్గించకుండా నీళ్లు మానితే దాహమే మిగులుతుంది.

పండితుడు: నీరు పోయే మాత్రల సంగతి?

వైద్యుడు: అక్కడ మీ వాదానికి మరింత బలముంది. రక్తపోటుకి ఇచ్చే ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తాయి. అది సన్నని ధమనులను వెడల్పు చేయడంతో ఆ తర్వాతి నాళాల్లో ఒత్తిడి పెరిగి వచ్చే వాపు, ఒంట్లో నీరు ఎక్కువై కాదు. దానికి నీరు పోయే మాత్ర ఫ్యూరోసెమైడ్ రాస్తే వాపు పెద్దగా తగ్గదు, పొటాషియం మాత్రం పడిపోతుంది. మోతాదు తగ్గించాలి, లేదా మందు మార్చాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో అని అదే రోజు చూపించాలి. అలాంటి కాలిని పిసకకూడదు.

పండితుడు: ఇన్ని కారణాలకు ‘ఉబ్బు’ అన్న మాటే నిజాయతీ గలది. అది కంటికి కనిపించినంతే చెబుతుంది, కారణాన్ని ముందే తేల్చేయదు.

వైద్యుడు: కారణం తేల్చదు సరే, కానీ దెబ్బ తగిలి రక్తం చేరినా, కొవ్వు గడ్డ లేచినా, చీము పట్టినా ఉబ్బే. వాటిని విడదీయలేని మాట నా కేసు కాగితం మీద పనికిరాదు. నేను ‘ఎడీమా’ అనే రాస్తాను. దాని పక్కన ఒక కాలా రెండా, ఎంతవరకు ఉంది, గుంట లోతెంత, ఎంతసేపటికి పూడింది, ఇవన్నీ రాస్తాను.

పండితుడు: ఆ పక్కన రాసేదాన్ని నేనూ కాదనను. నిఘంటువులో మాత్రం మొదటి అర్థం ‘ఉబ్బు’ అనే ఉండాలి, రెండోది మీ నీరు.