సవరణ: నత్త గుల్ల మార్చుకోదు

నత్తల గురించి రాసిన కిందటి పోస్టులో, ‘నత్త పెరిగేకొద్దీ పాత గుల్ల వదిలేసి పెద్ద గుల్లలోకి మారుతుంది’ అన్నాను. అది తప్పు. అలా ఇల్లు మారేది సన్యాసి పీత. ఖాళీ గుల్లల్లో కాపురం ఉండేది అదే. రెండింటినీ కలిపేశాను, మన్నించండి.

నత్తకు గుల్ల ఒంట్లో భాగం. గుల్ల లోపలి నడిమి స్తంభానికి ఒక బలమైన కండరం నత్త ఒంటిని పట్టి ఉంచుతుంది. నత్తను గుల్లలోంచి లాగితే చచ్చిపోతుంది, దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయకండి.

మరి గుల్ల ఎలా పెరుగుతుంది? ఒంటిని కప్పి ఉండే మెత్తని పొర కాల్షియం కార్బొనేట్‌ను స్రవిస్తూ, గుల్ల నోటి అంచున కొత్త వరుస చేరుస్తూ పోతుంది. ఈసారి నత్త కనబడితే సుడి మొన దగ్గర చూడండి. ఆ చిన్న చుట్టే అది గుడ్డులోంచి బయటికి వచ్చిన నాటి గుల్ల! మిగతాదంతా దాని చుట్టూ పేరుకున్నదే. అంచుకు సమాంతరంగా కనిపించే సన్నని గీతలు ఆ పెరుగుదల ఆనవాళ్లు. చిన్న బీట పడితే లోపలినుంచి అదే అతుకు వేసుకుంటుంది కూడా.

ఇంకో మాట. ‘నత్తలన్నీ ఉభయలింగ జీవులు’ అనీ రాశాను. నేల నత్తల్లో చాలావాటికి అది నిజమే. మంచినీటి ఆపిల్ నత్తల్లో మాత్రం ఆడ, మగ వేరు.