పుల్‌మన్ ఫోటోల్లో కనపడని రెండు సెంట్లు

గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యన ఈ వారం మూడోసారి వచ్చింది ఆ మెసేజ్. ఆరు పాత ఫోటోలు: వరసగా ఇటుక ఇళ్లు, గడియారం ఉన్న టవర్, చెరువు, తోట. కింద ఇలా ఉంది: "1880లోనే షికాగో పక్కన రైలు పెట్టెల యజమాని జార్జ్ పుల్‌మన్ కార్మికులకు ఉచితంగా ఊరు కట్టించాడు. మద్యం లేదు, ఫ్రీ లైబ్రరీ ఉంది. ఆ కృతజ్ఞతతోనే అమెరికా లేబర్ డే పెట్టుకుంది. మన ఓనర్లు నేర్చుకోవాలి. నిజమైతే షేర్ చేయండి."

నిజం కాదు, అయినా చేస్తున్నారు.

చిన్నవి ముందు తేల్చేద్దాం. లైబ్రరీకి ఏడాదికి 3 డాలర్ల చందా. మద్యం ఉంది బాబూ, ఆయన కూతురి పేరు పెట్టిన ఫ్లోరెన్స్ హోటల్లో. ఊరు చూడటానికొచ్చే పెద్దమనుషులకి బార్, పనివాళ్లకి నీతి. లేబర్ డేని, అంటే కార్మికుల పేరిట సెలవు రోజుని, తెచ్చిన బిల్లు మీద అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సంతకం పెట్టింది 1894 జూన్ 28న, పుల్‌మన్ కంపెనీ కార్మికులు మొదలుపెట్టిన సమ్మె దేశమంతా రైళ్లను ఆపేస్తున్న రోజుల్లో. జూలైలో అదే క్లీవ్‌లాండ్ సమ్మె మీదికి సైన్యాన్ని పంపాడు. గొప్ప కృతజ్ఞత!

ఇక ఆ "ఉచితంగా" అన్న మాట. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఒక్క ఇల్లూ ఉచితం కాదు, కొనుక్కోనిచ్చేవాళ్లూ కాదు. అద్దెల మీద 6 శాతం లాభం రావాలని ముందే లెక్కేసుకుని కట్టిన ఊరది. 1893లో మాంద్యం వచ్చింది. జీతాలు సగటున పాతిక శాతం కోశారు. అద్దె? ఒక్క సెంటు (డాలర్లో నూరో వంతు) తగ్గించలేదు. వాటాదార్ల డివిడెండూ తగ్గలేదు. ఆ సమ్మె పుట్టింది అందుకే. చుట్టుపక్కల ఊళ్లకన్నా అక్కడ అద్దెలు 20 నుంచి 25 శాతం ఎక్కువని సమ్మె తర్వాత ప్రభుత్వ కమిషనే తేల్చింది. ఆ ఊరి పాస్టర్ కార్వర్డైన్ ఒక కార్మికుడి గురించి రాశాడు: అద్దె పోగా అతని చేతికొచ్చిన చెక్కు 2 సెంట్లు. దాన్ని మార్చుకోకుండా ఫ్రేమ్ కట్టించి దాచుకున్నాడట. మన ఓనర్లు నేర్చుకోవాల్సింది ఇదేనా? వాళ్లకి ఒకరు నేర్పాలా?

"ఫోటోలు సాక్ష్యం కాదా?" అన్నాడు గ్రూపులో ఒకడు. సాక్ష్యమే. కంపెనీ తన ఊరి అందాన్ని లోకానికి చూపించుకోవడానికి తీయించుకున్న ఫోటోలవి. పెళ్లి ఆల్బమ్ చూసి కాపురం గురించి చెప్పగలరా? ఇటుక బట్టీల దగ్గరి చెక్క ఇళ్లు అందులో లేవు. 1894 సమ్మెలో ఆ ఊరి ఆర్కేడ్ భవనం ముందు తుపాకులతో నిలబడ్డ ఇల్లినాయ్ రాష్ట్ర మిలీషియా (సాయుధ దళం) ఫోటో కూడా ఉంది, వెతికితే ఇట్టే దొరుకుతుంది. మెసేజ్‌లోకి మాత్రం రాలేదు, పాపం.

ఒకటి ఒప్పుకుంటాను. ఇళ్లు మంచివే. ఆర్కిటెక్ట్ బీమన్ గాలీ వెలుతురూ చూసి కట్టాడు. ఇంట్లోకే నీళ్లు, గ్యాస్. ఆ రోజుల్లో షికాగో పేటల్లో చాలామందికి అవి లేవు. 1898లో ఇల్లినాయ్ సుప్రీం కోర్టు ఊరిని అమ్మేయమని కంపెనీకి చెప్పాక ఆ ఇళ్లు మామూలు జనం చేతికొచ్చాయి. 1960లో పడగొట్టాలన్న ప్రతిపాదన వస్తే అక్కడున్నవాళ్లే అడ్డం పడి ఆపారు. ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. నేనూ ఆ ఫోటోలు మొదటిసారి చూసినప్పుడు, ఇలాంటి ఇల్లుంటే బాగుండు అనుకున్నాను.

ఆ 2 సెంట్ల ఫ్రేము ఫోటో ఎవరిదగ్గరైనా ఉంటే పంపండి. అది నేనే ఫార్వర్డ్ చేస్తాను.