నిజాయితీ ముంచిన కుస్తీ కంపెనీ

చిన్నప్పుడు వీధి అరుగు మీద రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఆడుతుంటే ఎవరో ఒక పెద్దమనిషి తగులుకునేవాడు. "అదంతా ఉత్తుత్తి ఫైటింగ్ రా, ముందే మాట్లాడుకుని కొట్టుకుంటారు" అని మన గాలి తీసేసి వెళ్లిపోయేవాడు. మనం ఉడుక్కుని రెండు రోజుల్లో మర్చిపోయాం. జపాన్‌లో ఆంటోనియో ఇనోకి అనే కుస్తీ పహిల్వాన్ మాత్రం ఆ మాట జన్మంతా మర్చిపోలేదు.

పాత కంపెనీ గెంటేస్తే 1972లో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ అనే సొంత కుస్తీ కంపెనీ పెట్టుకున్నాడాయన. మరుసటి ఏడాది టోక్యోలోని షింజుకులో భార్యతో షాపింగ్ చేసి బయటికొస్తుంటే టైగర్ జీత్ సింగ్ అనే మన పంజాబీ పహిల్వాన్ నడివీధిలో మీదపడి బాదాడు. పోలీసులొచ్చారు. దెబ్బలు ఎంత నిజమో దేవుడికెరుక, తర్వాత ఇద్దరి కుస్తీకి టికెట్లు మాత్రం నిజంగానే తెగాయి. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటే ఇదీ.

అక్కడితో ఆగితే బాగుండేది. 1976లో ఏకంగా మహమ్మద్ అలీని పిలిపించాడు. పదిహేను రౌండ్లు. ఇనోకి చాలాసేపు వెల్లకిలా పడుకునే అలీ కాళ్ల మీద తన్నాడు. నిలబడితే అలీ గుద్దుతాడు మరి! పడుకున్నవాణ్ణి ఎలా గుద్దాలో అలీకి తెలియలేదు. మ్యాచ్ డ్రా. చూసినవాళ్లకు ఆవలింతలు, అలీకి కాళ్ల వాపు మిగిలాయి. నాటకం కట్టిపెట్టి నిజంగా కొట్టుకుంటే ఎంత బోరు కొడుతుందో ఆరోజే తేలిపోయింది. ఇనోకికి తప్ప.

అయినా కంపెనీ పెరిగింది. 1995 అక్టోబరులో ముటో, తకాడా అనే పహిల్వాన్ల కుస్తీ చూడ్డానికి టోక్యో డోమ్ స్టేడియానికి 67,000 మంది వచ్చారని ప్రకటించారు. ఇనోకి చేత చెంపదెబ్బ తింటే అదృష్టమని జనం తిరుపతి లడ్డూకి నిలబడ్డట్టు క్యూ కట్టేవాళ్లు. చెంప పేలిపోయాక వంగి దణ్ణం పెట్టి మరీ వెళ్లేవాళ్లు. ఇంతటి గిరాకీ ఉన్న సరుకు చేతిలో ఉండగా మనిషికి ఇంకేం కావాలి?

నిజం కావాలి. అప్పటికి జపాన్‌లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అంటే గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ నిజంగానే ఉండే పోటీల మోజు మొదలైంది. పెద్ద వాటాదారుగా ఇనోకి తన కుర్రాళ్లను ఆ నిజమైన ఫైటర్ల మీదికి తోలాడు. వీధి నాటకంలో భీముడి వేషం కట్టినవాణ్ణి రంగు తుడవకుండానే ఊరి రౌడీ మీదికి పంపడమన్నమాట. ఆ కుర్రాళ్లలో ఒకడైన యూజీ నగాటా 2001 డిసెంబరు 31న మిర్కో క్రోకాప్ అనే ఫైటర్ ముందు నిలబడింది 21 సెకన్లు. 2003లో అదే రోజున ఫెడోర్ అనే మరో ఫైటర్ ముందు 62 సెకన్లు. మధ్యలో కంపెనీ ఛాంపియన్‌గా టైటిల్‌ను పదిసార్లు నిలబెట్టుకున్నది కూడా ఇతగాడే. పాపం, నాకు నగాటా మీద ఇప్పటికీ కోపం లేదు. పంపినవాడు ఇంట్లో కూర్చుంటే పోయినవాడి పళ్లు రాలాయి.

జనం నిజం చూశారు, టికెట్లు కొనడం మానేశారు. 2005లో ఇనోకి తన వాటాను యూక్స్ అనే వీడియో గేమ్ కంపెనీకి అమ్మేశాడు. మరుసటి ఏడాది కంపెనీ ఛాంపియన్‌గా ఉన్న అమెరికన్ రెజ్లర్ బ్రాక్ లెస్నర్ ఛాంపియన్ బెల్టు పట్టుకుని అమెరికాలో ఉండిపోయాడు. పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన ఇడ్లీ పాత్ర నయం, అడిగితే ఎప్పటికైనా ఇస్తారు. ఇక్కడ పాత బెల్టు తీసి వాడుకోవాల్సి వచ్చింది.

ఆ బెల్టు గెలిచింది హిరోషి తనహాషి. రంగేసిన జుట్టు, గెలిచాక చేతిలో లేని గిటారు వాయించడం, జనానికి "ఐ లవ్ యూ" చెప్పడం. పాత అభిమానులు ఛీకొట్టారు. ఇతగాడు తగ్గలేదు, అలాగే వాయిస్తూ పోయాడు. 2012లో బుషిరోడ్ అనే ట్రేడింగ్ కార్డు ఆటల కంపెనీ యాభై కోట్ల యెన్‌లకు కుస్తీని కొనేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒకాడా అనే ఇరవై నాలుగేళ్ల పహిల్వాన్ వచ్చి తనహాషిని ఓడించాడు. అతను రింగులోకొస్తే పైనుంచి నోట్లు రాలేవి, నోటు మీద అతని బొమ్మే. దొంగనోట్లని ఎవరూ కేసు పెట్టలేదు. మళ్లీ హాళ్లు నిండాయి.

నిజం పిచ్చి ఉన్నవాడు ముంచితే వీడియో గేములు, కార్డులు అమ్మేవాళ్లు ఒడ్డున పడేశారు. వాళ్లకి తాము అమ్మేది ఏమిటో తెలుసు.

2023 డిసెంబరులో తనహాషినే కంపెనీ ప్రెసిడెంట్‌ని చేశారు. పదవిలో ఉంటూనే రింగులోకి దిగి ఉద్యోగుల చేత తన్నులు తిన్నాడు. తన బాస్‌ని మనసులోనే తన్నుకుని సరిపెట్టుకునే గుమాస్తా ఈ లోకంలో ఎక్కడున్నా, ఆ టికెట్ ఎంతైనా కొంటాడు.