ప్లాట్‌ఫాం మీద మనిషి ఏ శాఖ కిందికి వస్తాడు?

తుపాను కబురు రాగానే శ్రీకాకుళం కలెక్టరేట్‌లో కంట్రోల్ రూం తెరుస్తారు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా తీర మండలాలకు ప్రత్యేకాధికారులు బయల్దేరతారు. రెవెన్యూ, పోలీసు, వైద్యం, విద్యుత్తు, పౌరసరఫరాలు అన్నీ ఒకే గొంతు వింటాయి. తుపాను షెల్టర్ గుమ్మం దగ్గర ఎవరూ ఆధార్ అడగరు. డబ్బు కోసం ఫైలు అమరావతి వెళ్లి రానక్కర్లేదు. ఉద్యోగులు టీఆర్-27 అని పిలుచుకునే ట్రెజరీ నిబంధన కింద కలెక్టరు అప్పటికప్పుడు డ్రా చేయొచ్చు. 2014లో హుద్‌హుద్ అప్పుడు, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అప్పుడు విమర్శలు చాలానే వచ్చాయి. కానీ జవాబు చెప్పాల్సింది ఎవరన్న దానిమీద మాత్రం అనుమానం లేదు.

అదే జిల్లాలో మామూలు రోజు రాత్రి పది దాటాక బస్టాండులోనో, గుడి దారిలోనో, రైల్వే ప్లాట్‌ఫాం మీదో పడుకున్న మనిషి గురించి అడగండి. జవాబు చెప్పాల్సిన వాళ్లు అరడజను మంది తేలతారు. అంటే ఒక్కరూ లేనట్టే. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు.

పథకాలకు కొదవ లేదు. పట్టణ నిరాశ్రయుల వసతి కోసం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన లెక్క ప్రకారం లక్ష జనాభాకు వంద మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి, అదీ ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండేది. 2011 జనాభా ప్రకారం చూస్తే 1.26 లక్షల శ్రీకాకుళానికి ఒకటి, 2.28 లక్షల విజయనగరానికి రెండు. సుప్రీంకోర్టు 2010 నుంచీ ఈ సంగతి గుర్తుచేస్తూనే ఉంది. రాష్ట్రాలు కదలట్లేదని 2016లో జస్టిస్ కైలాశ్ గంభీర్ నాయకత్వంలో కమిటీనే వేసింది. ఇక అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకు భోజనం ఉంది. అరవై దాటితే నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రుల కోసం 2007 చట్టం, మతిస్థిమితం లేక తిరిగేవారి కోసం 2017 చట్టం ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఆ మనిషికి లోటేమీ లేదు.

ఎక్కడ జారిపోతోందో తెలియాలంటే ఒక మనిషిని వెంబడించాలి. విజయనగరం జంక్షన్‌లో అరవై అయిదేళ్ల ఆవిడ ఉందనుకుందాం. హౌరా నుంచి చెన్నై వెళ్లే ప్రధాన లైను, రాయపూర్ వైపు వెళ్లే లైను కలిసే స్టేషను కాబట్టి ఆవిడ ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో చూడగానే చెప్పలేం. ఒడియా కావచ్చు, బెంగాలీ కావచ్చు, పక్కనే ఉన్న గజపతినగరం కావచ్చు. ప్లాట్‌ఫాం రైల్వేది. ఆర్పీఎఫ్ కానిస్టేబులు లేపి బయటికి పంపిస్తాడు. గేటు దాటగానే ఆవిడ మునిసిపల్ కార్పొరేషన్ మనిషి అయిపోతుంది. షెల్టర్ చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. ఆవిడకు కాలి పుండు ఉంటే షెల్టర్‌లో చేర్చుకోవడానికి జంకుతారు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లమంటారు. 108 ఎక్కించి మహారాజా ఆసుపత్రికి చేరిస్తే అక్కడ అడిగే మొదటి మాట, అటెండరు ఎవరు? కట్టు కడతారు, మందులిస్తారు. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి, నడవగలిగితే వెళ్లిపోమంటారు. ఆవిడ మళ్లీ స్టేషనుకే వెళ్తుంది, తెలిసిన చోటు అదొక్కటే.

ఇందులో ఎవరి తప్పూ కనిపించదు. కానిస్టేబులు తన పని చేశాడు, డాక్టరూ చేశాడు. ఒకరి పని అయిపోయి ఇంకొకరిది మొదలయ్యే చోట అందుకునే చెయ్యి లేదు. ఇక్కడ కొరతగా ఉన్నది మంచాలకన్నా ఆ అప్పగింతే.

ఆవిడకు మతిస్థిమితం కూడా సరిగా లేదంటే కథ ఇంకా పొడుగు. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 100వ సెక్షను ప్రకారం అలాంటి వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకుని ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. ఇల్లూ వాకిలీ లేని వ్యక్తి అయితే తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసరుదే. చట్టంలో మాట ఇంత స్పష్టంగా ఉంది. దీర్ఘకాల వైద్యానికి ఉత్తరాంధ్రకంతటికీ దిక్కు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. అక్కడ నయమైన మనిషిని తిరిగి తీసుకురావాల్సింది ఎవరు? తెచ్చి ఎక్కడ పెట్టాలి? కోలుకున్నవాళ్లు కొంతకాలం ఉండే హాఫ్‌వే హోములు ప్రభుత్వమే పెట్టాలని అదే చట్టం చెబుతోంది. పోలీసుల బాధ్యతకు ఇరవై నాలుగు గంటల గడువు పెట్టిన చట్టం, తిరుగు ప్రయాణానికి ఏ గడువూ పెట్టలేదు.

ఇక చిరునామా సంగతి. మన రాష్ట్రంలో సంక్షేమం అంతా ఇంటి చుట్టూ అల్లుకుని ఉంది. వార్డు సచివాలయంలో కుటుంబ వివరాల నమోదు (హౌస్‌హోల్డ్ మ్యాపింగ్) కావాలి, దానికి ఆధార్ కావాలి, పింఛనుకు రైస్ కార్డు కావాలి. ఒకటో తారీఖు పొద్దున్నే గుమ్మం దగ్గరికి వచ్చి పింఛను చేతిలో పెట్టే ఏర్పాటు చాలా గొప్పదే, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. గుమ్మం లేనివాళ్ల దగ్గరే అది ఆగిపోతుంది.

విచిత్రమేమిటంటే ఎన్నికల సంఘం ఈ ముడి ఎప్పుడో విప్పేసింది. ఇల్లు లేనివాళ్లు ఓటు కోసం ఫారం-6లో తాము పడుకునే చోటునే చిరునామాగా రాయొచ్చు. బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట వెళ్లి, ఒకటికి మించిన రాత్రులు చూసి, అక్కడే పడుకుంటున్నారని నిర్ధారిస్తే చాలు, వేరే రుజువు అక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద ఉన్న మనిషి దగ్గరికి ఓటు కోసం రాత్రివేళ వెళ్లగలిగే ప్రభుత్వోద్యోగి, బియ్యం కోసం ఎందుకు వెళ్లలేడు? చాలాచోట్ల బీఎల్వోగా పనిచేసేది సచివాలయ ఉద్యోగో, అంగన్‌వాడీ కార్యకర్తో, టీచరో. మనిషి అదే మనిషి, మారాల్సింది ఫారం ఒక్కటే.

ఆధార్‌కూ దారి ఉంది. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ సంస్థ రుజువుగా ఒప్పుకుంటుంది. అంటే షెల్టర్‌లో చేరిన రోజే ఆవిడకు చిరునామా దొరికినట్టు. అక్కణ్నుంచి ఆధార్, రైస్ కార్డు, పింఛను ఒకదాని వెనక ఒకటి కదలాలి. పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లోనూ షెల్టర్‌లో ఉన్నవాళ్లను ఈ పథకాలకు కలపాలనే ఉంది. కాకపోతే షెల్టర్‌ను లెక్కించేటప్పుడు మనం అడిగేది ఎన్ని మంచాలు, ఎంతమంది పడుకున్నారు అన్నవే. ఎంతమందికి కార్డు వచ్చింది, ఎంతమంది మళ్లీ స్టేషనుకు వెళ్లిపోయారు అని అడిగితే లెక్క వేరేలా ఉంటుంది.

సరే, అందుకునే చెయ్యి ఎవరిది కావాలి? ఇంకో సమన్వయ కమిటీ మాత్రం వద్దు. టీ, బిస్కెట్లు, మినిట్స్, ఫోటో, అంతటితో సరి. మెప్మా ప్రాజెక్టు డైరెక్టరుకు అప్పగిస్తే పోలీసులు గానీ ఆసుపత్రి సూపరింటెండెంటు గానీ ఆ మాట వినాలన్న నియమం లేదు. నా లెక్కలో ఇది రెవెన్యూ డివిజను అధికారికి, అంటే ఆర్డీవోకు ఇవ్వాల్సిన పని. తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ నడిపేది ఆ స్థాయి అధికారే. పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. మేజిస్ట్రేటు అధికారాలున్నాయి, తహశీల్దార్లు చేతికింద ఉంటారు, తుపాను డ్యూటీ అలవాటే. ఆర్డీవోలకు ఇప్పటికే భూముల ఫైళ్లు, మంత్రుల ప్రోటోకాల్‌తో ఊపిరాడట్లేదన్నది నిజం. అందుకే ఈ ఒక్క పనికీ ఒక డిప్యూటీ తహశీల్దారును, ఒక సోషల్ వర్కరును, చిన్న అడ్వాన్సును ఇవ్వాలి. అడ్వాన్సు మరీ ముఖ్యం. రాత్రి పదకొండింటికి ఆటో కిరాయికి, దుప్పటికి, రెండు రోజుల మందులకు సంతకం కోసం ఎదురుచూసే స్థితి ఉండకూడదు.

కొత్త మీటింగ్ కూడా అక్కర్లేదు. ప్రతి సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్ఎస్ కోసం శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల కలెక్టరేట్లలోనూ శాఖాధిపతులంతా ఒకే హాల్లో కూర్చుంటారు. ప్లాట్‌ఫాం మీది ఆవిడ అర్జీ పట్టుకుని అక్కడికి రాదు. వాళ్లు లేచి వెళ్లేముందు పేర్ల జాబితా ఒకటి చదివితే చాలు. ఫలానా పేరు, ఫలానా చోటు, పోయిన సోమవారం ఎవరికి అప్పగించాం, ఈ సోమవారం ఎక్కడుంది? హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల్లో ఇది కుదరదు. శ్రీకాకుళం, విజయనగరం ఇంకా పేరుపేరునా రాసుకోగలిగినంత ఊళ్లే. శ్రీకాకుళంలోనైతే 2010 తర్వాత ఎన్నికైన పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారి పాలనే నడుస్తోంది. ప్రజాస్వామ్యానికి అది మచ్చే. కానీ మునిసిపాలిటీ వినట్లేదని జిల్లా యంత్రాంగం అనడానికి వీల్లేని ఊరు కూడా అదే.

ఆ ఊరికి ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలస మునిసిపాలిటీలో. రైలు దిగిన మనిషి ఒక పట్టణం వాడు, ఆటో ఎక్కితే ఇంకో పట్టణం వాడు. లక్ష జనాభా లెక్కలో ఆమదాలవలసకు షెల్టరే రాదు. పట్టణాలవారీగా కాక డివిజను మొత్తానికి ఒక అధికారి ఉండాలనడానికి ఇదొక్కటి చాలు.

ఇలా ఒక్కో మనిషి పేరు పట్టుకుని శాఖలను జతచేయడం నా సొంత ఆలోచన కాదు. అమెరికాలో వీధిన పడ్డ మాజీ సైనికుల విషయంలో గృహ నిర్మాణ శాఖ అద్దె వోచరు, మాజీ సైనికుల శాఖ కేస్ మేనేజరు, రెండూ ఒకే మనిషికి జతగా ఇచ్చారు. 2010 నుంచి వాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. మిగతా నిరాశ్రయుల విషయంలో ఆ దేశానికి అంత మంచి కథ లేదు. శాఖలను కలపడానికి 1987 చట్టంతో పుట్టిన వాళ్ల మండలినే 2025 మార్చిలో ఒక ఉత్తర్వుతో కుదించేశారు. మండలి ఉండటం కన్నా, మనిషికి ఇద్దరు ఉద్యోగులు జతపడటమే పనిచేసిందని నేను అర్థం చేసుకున్నాను.

మనకు తెలిసిన ఇంకో రకం సమన్వయం ఉంది, అది చాలా వేగంగా జరుగుతుంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు యాచకులను రోడ్ల మీంచి ఎత్తి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు చేర్చారు. పోలీసు, మునిసిపాలిటీ, జైళ్ల శాఖ చక్కగా కలిసిపోయాయి. రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం ముస్తాబయ్యేటప్పుడు మన అధికారులకు ఆ దారి గుర్తు రాకూడదు.

డబ్బు విషయం సూటిగా చెప్పుకోవాలి. పట్టణ జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. షెల్టర్ నడపడానికి కేంద్రం ఇచ్చే సాయం ఎలాగూ కొన్నేళ్లకే పరిమితం. ఇక మీదట కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం రాష్ట్రమూ, కార్పొరేషనూ మోయాల్సిందే. ఇందులో దయాదాక్షిణ్యాల మాట పక్కన పెట్టినా, ఈ రెండు జిల్లాలకు ఇంకో లెక్క ఉంది. చెన్నైలో, హైదరాబాద్‌లో కట్టే భవనాల దగ్గర రేకుల షెడ్లలో పడుకునేది మన వలస కూలీలే. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. మనవాళ్లకు ఆ ఊళ్లలో ఏం దొరకాలని కోరుకుంటామో, మన స్టేషన్లలో దిగినవాళ్లకు అదైనా దొరకాలి కదా.

2027 మార్చి 1 ప్రాతిపదికగా జనగణన జరుగుతుంది. ఇల్లు లేనివాళ్లను లెక్కించడానికి సిబ్బంది రాత్రిపూట స్టేషన్లకు, మండపాలకు వెళ్లడం ఆనవాయితీ. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి అలా లెక్కిస్తే దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. జనగణనలో రాసిన పేర్లు చట్టప్రకారం రహస్యం, ఏ కలెక్టరుకూ అందవు. మనకు మిగిలేది సంఖ్య ఒక్కటే, అదీ ఎప్పటికో వస్తుంది. కాబట్టి ఇద్దరు కలెక్టర్లూ ఆ రాత్రి కోసం ఆగకుండా ముందే ఒక రాత్రి పెట్టుకుని, బీఎల్వోలను, ఏఎన్ఎంలను, రైల్వే పోలీసులను వెంటబెట్టి, సొంత జాబితా రాయించాలి. దానికి కొత్త చట్టం గానీ, ఢిల్లీ అనుమతి గానీ అక్కర్లేదు.