నా బండి వెనక స్టిక్కరుకు

'నేనే మార్గము' స్టిక్కరుకు, వందనాలు.

నేను ముందు కూర్చుంటాను, నువ్వు వెనక నంబరు ప్లేటు మీద ఉంటావు. ఆరేళ్లుగా కాజీపేట నుంచి హనుమకొండకు రోజూ కలిసే పోతున్నాం. నేను దాటిపోయాక జనం మొహాలు ఎట్లా ఉంటాయో నువ్వు చూశావు, నేను చూడలేదు. ఈ మధ్యే కొంత తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

నిన్ను మెదక్ చర్చి గుడి బయట పది రూపాయలకు కొన్నాను, గుర్తుందా? కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి, అన్నం పెట్టి మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి అది. 1924లో పూర్తయింది. తల పైకెత్తి దాన్ని చూస్తుంటే నా గుండె పొంగింది. నేను కూడా దేవుని కోసం ఏదన్నా చెయ్యాలనుకున్నాను. యేసు మాట ఉన్న నిన్ను అంటించాను.

మొదట్లో నీతో గొప్పగానే తిరిగాను. సిగ్నల్ దగ్గర వెనకవాళ్లు చదువుతున్నారని అనుమానం వస్తే చాలు, నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాణ్ణి. అదే నా సువార్త సేవ. పెట్రోలు ఖర్చు ఎలాగూ పెట్టేదే.

ఇక మన రూటు సంగతి. మా గల్లీ మెయిన్ రోడ్డులో కలిసే చోట డివైడర్ ఉంది. పద్ధతిగా పోవాలంటే యూటర్న్ కోసం ముప్పావు కిలోమీటరు తిరిగి రావాలి. పెట్రోలు బంకు మాత్రం మా పక్కనే, కుడిచేతి దిక్కు, రెండు వందల గజాల్లో కనిపిస్తూ ఉంటుంది. ఇరుకు మార్గాన పొమ్మని బైబిలు వాక్యంలోనే ఉంది కదా అని రోడ్డు అంచు పట్టుకుని, లైటు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ ఎదురు పోయేవాణ్ణి. ఒకరోజు ఒక ఆటో నాకోసం బ్రేకేసి ఆగింది. దాటాక డ్రైవరు తల బయటపెట్టి, వెనక్కి తిరిగి నిన్ను చదివి, "అన్నా, మార్గం ఇదేనా? మేం ఉత్తగనే ఎడమ దిక్కు పోతున్నం!" అని అరిచాడు. ఆటోలో ఉన్న నలుగురూ నవ్వారు. అందులో ఒకామె మా చర్చి సంఘం ఆమె.

అప్పటి నుంచి గల్లీలో నా పేరు 'మార్గం సారు'. కొత్తిమీర అమ్మే అవ్వ కూడా అదే అంటోంది. "మార్గం సారా? కట్టకు రూపాయి తగ్గిస్తెగని కదలడు" అని పక్కామెతో చెప్తుంటే నా చెవిన పడింది. రూపాయి నేను తగ్గించుకున్నది, పేరు మాత్రం నీది.

చికెన్ షాపు సంగతి నీకు తెలియదు, నిన్ను అవతల పార్కింగులో వదిలేసి పోతాను. ఆదివారం పదకొండున్నరకు ఆరాధన అయిపోతుంది. పన్నెండింటికల్లా మా వాళ్లు సగంమంది ఆ షాపు ముందే. గంట కింద 'సమాధానం కలుగును గాక' అని ఒకరికొకరం శాంతి చెప్పుకున్నవాళ్లం, అక్కడ లెగ్ పీసుల కోసం మోచేతులతో పొడుచుకుంటాం. "నేను ముందొచ్చిన", "నాది చెప్పి పోయిన" అని ఒకటే లొల్లి. షాపు భాయి కత్తి ఆపకుండా, "చర్చి అయిపోయింది" అన్నాడు పనిపిల్లవాడితో. బైబిలు బ్యాగు చంకలో సర్దుకుంటూ, "ఎట్లా తెలిసింది భాయి?" అన్నాను. "ఇనపడుతలేదా సాబ్" అన్నాడు. వెక్కిరింత కూడా కాదది. మబ్బు పట్టింది, వాన వస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు. మా అయ్యగారి ప్రసంగం ఆ భాయి ఒక్కసారీ వినలేదు. విని ఇంటికి పోయేవాళ్లను మాత్రం వారం వారం చూస్తున్నాడు.

మా బాపు లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన సైకిలుకు నీలాంటిది ఏదీ లేదు. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే చెమటలు పట్టేవి ఆయనకు. కానీ జీతం రోజు పొద్దున్నే మా క్వార్టర్ల ఆడవాళ్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. "అన్నా, మా ఆయన పైసలు నీ చేతుల పట్టుకురా" అని. దారిలో కల్లు కాంపౌండ్ ఉండేది మరి. సాయంత్రం బాపు జేబులో నాలుగైదు ఇండ్ల జీతాలు ఉండేవి. మగవాళ్లు ఆయన వెనకే గొణుక్కుంటూ నడిచొచ్చేవాళ్లు. వాళ్లలో ఒకాయన కొన్నేళ్లకు గుడికి రావడం మొదలుపెట్టాడు. పైసలు ఎలాగూ బాపు వెంటే పోతున్నాయి కాబట్టి తనూ ఆయన వెంటే పోదామనుకున్నాడట! నేను కిరాణా కొట్టుకు పోయి ఫలానా వాళ్ల కొడుకునంటే చాలు, ఇంకోమాట లేకుండా ఖాతా రాసేవాళ్లు. ఈ ఊళ్లో నాకు ఇప్పటికీ మర్యాద దొరుకుతోందంటే, అది ఆ ఖాతాలో మిగిలిందే.

దోర్నకల్ ఇక్కడికి ఎంత దూరమని! ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్ అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నది ఎక్కువగా మాల, మాదిగ వాడలవాళ్లు. వాళ్ల బతుకులో మార్పు చూసి తర్వాత ఇతర కులాలవాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు. ఆ మొదటివాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్లను మాత్రం ఊరంతా చదివింది. నన్ను కూడా చదువుతున్నారనుకో, నువ్వు కొంచెం పెద్దక్షరాల్లో ఉన్నావు కాబట్టి.

పోయిన నెల మా అమ్మాయి ఫోన్లో చలాన్లు చూసింది. నాలుగున్నాయి, నాలుగూ రాంగ్ రూటే. వెనక నుంచి తీసిన ఫొటోలు కాబట్టి నా మొహం లేదు. నా వీపు, బండి నంబరు, వాటి నడుమ తళతళా మెరుస్తూ నువ్వు. ఎదురుగా ఒక ఆర్టీసీ బస్సు. 2023లో క్రిస్మస్ మర్నాటి నుంచి సర్కారు టూవీలర్ల పాత చలాన్లకు 80 శాతం మాఫీ ఇచ్చినప్పుడు, అన్నీ కట్టేసి, ఇది ప్రభువు కృపేనని సంఘంలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పినవాణ్ణి నేను. ఇవి ఆ సాక్ష్యం తర్వాతవి.

"డాడీ, రూటన్నా మార్చు, స్టిక్కరన్నా తీసెయ్" అంది మా అమ్మాయి.

యూటర్న్ ముప్పావు కిలోమీటరు. నువ్వు జానెడు. లెక్క వేసుకుని, వేడినీళ్లు, కొబ్బరినూనె, పాత బ్లేడు తెచ్చుకుని నీ ముందు కూర్చున్నాను. మనం ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

ఆరేళ్ల ఎండకు నీ జిగురు రాయిలా గట్టిపడింది. అరగంట గీకితే 'మార్గము' ఊడింది. 'నేనే' మాత్రం ఎంత గీకినా పోవడం లేదు. రేపు ఆఫీసుకు దాంతోనే పోవాలి.

ఇట్లు,
నీ ముందు కూర్చునే
మార్గం సారు