దసరా తర్వాత బడికొచ్చిన పిల్లాడు ఎందుకు మారిపోతాడు?

దసరా సెలవులకు ముందు బాగానే ఉన్న పిల్లాడు సెలవులు అయ్యాక పక్కవాణ్ని ఊరికే గుద్దుతుంటాడు. ఇంకో పిల్ల నోటుబుక్కు తెరిచి పెట్టుకుని గంటసేపు ఒక్క అక్షరం రాయదు. మరొకడు మధ్యాహ్న భోజనం కాగానే పుస్తకాల సంచి అక్కడే వదిలేసి ఇంటికి పోతాడు. పాలమూరు పల్లెల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే టీచర్లకు ఈ పిల్లలు బాగా తెలుసు. హాజరు రిజిస్టర్‌లో అది గైర్హాజరు, మార్కుల్లో అది వెనుకబాటు, ఇంటికాడ అవ్వ నోట్లో ‘మాట ఇంటలేడు సారూ’ అనే ఫిర్యాదు. వాళ్ల అమ్మానాన్న ముంబయికో పుణెకో హైదరాబాద్‌కో కూలికి పోయారన్న సంగతి మాత్రం చాలాసార్లు ఆఖరున తెలుస్తుంది, ఒక్కోసారి తెలియనే తెలియదు.

చిన్నపిల్లలకు తమ భావాలను అర్థం చేసుకోవడం నేర్పాలనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. మంచిదే. ఢిల్లీ ప్రభుత్వం 2018లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ కరికులం పేరుతో ఒక పీరియడ్ పెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు చదువులో భాగం కావాలని చెప్పింది. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం ఉన్న చార్టులు చాలా స్కూళ్ల గోడల మీద కనబడుతున్నాయి. కానీ పాలమూరు, నల్లగొండ పల్లెల్లో, తండాల్లో ఈ పని చేయాలంటే ఆ చార్టుతో మొదలుపెడితే కుదరదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడి పిల్లలు ఆరేళ్లకే, ఎనిమిదేళ్లకే ఎడబాటు చూస్తున్నారు. మన బడులు మొదట దాని గురించి మాట్లాడాలి. కోపం, భయం, సిగ్గు, అసూయ అన్నీ ఈ పిల్లల్లో చాలామందికి అందులోంచే పుడుతున్నాయి.

వలస గురించి మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు, అది తీరాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ పోవాల్సిందే. వానాకాలం పంట చేతికొచ్చాక పోయి, ఉగాదికో, మళ్లీ వానలు పడే ముందో తిరిగొస్తారు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు అందిన ఊళ్లలో వలస తగ్గింది, నిజమే. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు, దేవరకొండ తండాల వైపు ఇంకా ఆగలేదు. పిల్లలను వెంట తీసుకుపోతే చదువు పోతుందని సర్కారు సీజనల్ హాస్టళ్లు పెట్టింది, ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి అవి చాలామందికి ఆసరా అయ్యాయి. అక్కడ అన్నం సంగతి, పడక సంగతి ఆలోచించారు. చీకటి పడ్డాక అమ్మ గుర్తొస్తే ఈ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి అన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఇంకో రకం ఎడబాటు గురించి మనం అసలు మాట్లాడుకోము, ఎందుకంటే అది శుభవార్త రూపంలో వస్తుంది. అదే గురుకుల సీటు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. తెలంగాణ వచ్చాక వాటి సంఖ్య బాగా పెరిగింది. పేద ఇళ్ల పిల్లలు ఎంతోమంది అక్కడ చదువుకుని పైకొచ్చారు, ఆ వ్యవస్థ మీద నాకు గౌరవం ఉంది. అయితే నాలుగో తరగతిలోనే ప్రవేశపరీక్ష రాసి ఐదో తరగతికి హాస్టల్‌కు పోవడమంటే ఆ పిల్లకు నిండా పదేళ్లుంటాయి, లేదా అవీ ఉండవు. ఏడాదంతా సీటు టెన్షన్, సీటు వచ్చాక ఊరంతా మెచ్చుకోవడం, జూన్‌లో ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్, అంతే. పోవడం అంటే ఏమిటో, మొదటి వారం రాత్రిళ్లు ఎలా ఉంటుందో ఆ పిల్లకు ఒక్కరూ చెప్పి ఉండరు. జూన్, జూలైల్లో ఏ హాస్టల్‌లో చూసినా ఐదో తరగతి పిల్లల ఏడుపే ముందు వినబడుతుంది.

ఈ వయసు పిల్లలకు లోపల ఏమవుతోందో మాటల్లో చెప్పడం రాదు. అందుకే అది ఒంట్లోంచి బయటికొస్తుంది. ‘కడుపు నొస్తుంది టీచర్’ అనేది మన బడుల్లో రోజూ వినే మాట. చాలామంది దాన్ని సాకు అనుకుంటారు, కానీ దిగులుతో, భయంతో పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది, వాళ్లు అబద్ధం ఆడటం లేదు. (జ్వరం ఉన్నా, వాంతులవుతున్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, బరువు తగ్గుతున్నా అది డాక్టరు చూడాల్సిన సంగతే, దిగులు అని వదిలేయొద్దు.) ఇంకొందరిలో అదే దిగులు కోపమై కనిపిస్తుంది. అమ్మ మీద కోపం అమ్మకు చూపలేడు, ఆమె ఇక్కడ లేదు, కాబట్టి పక్క బెంచీవాడు దెబ్బలు తింటాడు. వాణ్ని మనం గుంజీలు తీయిస్తాం, గోడ కుర్చీ వేయిస్తాం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం శారీరక శిక్షే కాదు, మానసిక వేధింపు కూడా నిషేధం. ఆ చట్టం 2010 నుంచి అమల్లో ఉన్నా ఈ అలవాటు మనలోంచి పూర్తిగా పోలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం ఏ గొడవా చేయని పిల్ల. నాలుగో తరగతి చదివే అక్క. పొద్దున్నే లేచి తమ్ముడికి తల దువ్వుతుంది, అవ్వకు నీళ్లు తోడి పెడుతుంది, తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి బడికొస్తుంది, చెప్పిన పని చేస్తుంది, ఎదురు మాట్లాడదు. ఊరంతా ‘బంగారు పిల్ల’ అంటారు. ఆమెకూ తొమ్మిదేళ్లే కదా, ఆమెకూ అమ్మ కావాలి కదా. తమ్ముడి ముందు ఏడిస్తే వాడు ఇంకా ఏడుస్తాడని తనే ఆపుకుంటుంది, అలా ఆపుకోవడం మెల్లగా అలవాటవుతుంది. క్లాసులో అల్లరి చేసే పదిమంది మధ్య టీచర్ కళ్లు ఆమె మీద పడవు. పడాలి.

బ్రిటన్‌లో 1950ల్లో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులకు దూరంగా ఉంచిన చిన్నపిల్లలను గమనించారు. మొదట గట్టిగా ఏడ్చి తిరగబడతారు, తర్వాత కుంగిపోతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు అయిపోతారు. ఈ మూడో దశను చూసి నర్సులు ‘పిల్ల సర్దుకుంది’ అనుకునేవారు. వాళ్లు చూసింది ఇంకా చిన్న పిల్లలను, ఎనిమిదేళ్లవాడికి అవ్వ ఉంటుంది, దోస్తులు ఉంటారు, ఫోన్ ఉంటుంది, కాబట్టి అదే లెక్క ఇక్కడ పూర్తిగా సరిపోదు. అయినా ‘మొదట్ల ఏడ్చిండు, ఇప్పుడు అలవాటైంది’ అని మనం తేలిగ్గా అనేసే ముందు ఆ మాట గుర్తుంచుకోవాలి. ఆరు నెలల తర్వాత అమ్మ వస్తే దగ్గరికి పోకుండా అవ్వ వెనకాల దాక్కునే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. తల్లి గుండె పగులుతుంది, ‘నన్ను మరిచిపోయిండు’ అంటుంది. వాడు మరిచిపోలేదు, మళ్లీ పోతావు కదా అని భయపడుతున్నాడు.

ఇక్కడ పెద్దవాళ్లం ప్రేమతోనే చేసే రెండు పనులు పిల్లలకు చాలా చేటు చేస్తాయి. ఒకటి, పిల్లలు ఏడుస్తారని వాళ్లు పడుకున్నాక బస్సు ఎక్కడం. పొద్దున లేచి చూస్తే అమ్మ లేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్లకు నిద్రంటేనే భయం. రెండోది ‘మీ అమ్మ రేపొస్తది’ అనడం. రేపు రాదు, ఎల్లుండీ రాదు, నాలుగు రోజులకు అవ్వ మాట మీద నమ్మకం పోతుంది, ఆపైన సారు మాట మీద కూడా. ఏడ్చినా సరే చెప్పి పోవాలి. ఎక్కడికి పోతున్నారు, ఏ పండుగకు వస్తారు, ఏ రోజు ఏ పూట ఫోన్ చేస్తారు, ఈ మూడూ చెబితే పిల్లకు పట్టుకోవడానికి ఒకటి దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం అని చెబితే ఆదివారం సాయంత్రమే చేయాలి, పని మీద ఉండి కుదరకపోతే ఒక్క నిమిషం చేసి ‘రాత్రికి మాట్లాడుతా’ అని చెప్పినా చాలు. ఈ మాటలు తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? దసరాకు ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో టీచరే చెప్పాలి. ఆ సమావేశాల్లో హాజరు, యూనిఫాం, పరీక్షల గురించి మాట్లాడతాం, దీనికి పావుగంట ఇవ్వడం కష్టం కాదు.

బడిలో ఏం చేయొచ్చు అంటే, నాకు తెలిసి దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు. పొద్దున ప్రార్థన అయ్యాక క్లాసులో పది నిమిషాలు గుండ్రంగా కూర్చోబెట్టి ‘ఇయ్యాల ఎట్లున్నరు’ అని అడగడం చాలు. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, చెప్పనివాళ్లను బలవంతం చేయొద్దు, వాళ్లు బొమ్మ గీయొచ్చు. మొదటి వారం అందరూ ‘మంచిగున్న సార్’ అనే అంటారు. టీచర్ ముందు తన సంగతి చెబితే, ‘మా అమ్మకు బాగలేదు, నాకు రందిగా ఉంది’ అని, అప్పుడు పిల్లలు మెల్లగా మొదలుపెడతారు. తమ భావానికి పేరు పెట్టడం వల్లే దాని ఉద్ధృతి కొంత తగ్గుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగంలో, ఫొటోలోని మొహంలో ఉన్న భావాన్ని మాటలో చెప్పినప్పుడు మెదడులో భయానికి స్పందించే భాగం నెమ్మదించడం కనిపించింది. మన అవ్వలు ‘చెప్పుకుంటే బరువు దిగుతది’ అనేది దీన్నే.

చెప్పుకునే భాష మాత్రం పిల్లలదే కావాలి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు. పాఠానికి అది సరే. దేవరకొండ తండాలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు ‘యాడి’ (అమ్మ) గుర్తొస్తే ఆ మాటలోనే చెప్పనివ్వాలి, టీచర్‌కు అర్థం కాకపోతే ఐదో తరగతి అక్క చెబుతుంది. సరిదిద్దడం ఆ పది నిమిషాలు మానేయాలి. ‘మొగోడివి ఏడుస్తవా’ అనే మాట బడి గేటు బయటే ఆపేయాలి. కోపం వచ్చినవాడికి ‘కోపం రానీ, కొట్టుడు మాత్రం వద్దు, ఇటు నా దగ్గరికి రా’ అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంటే వాడికి ఒకేసారి రెండు సంగతులు తెలుస్తాయి.

దీనికి టీచర్లు చెప్పే జవాబు నాకు తెలుసు, అందులో న్యాయం ఉంది. చదవడం, రాయడం, లెక్కల కోసం సర్కారు పెట్టిన తొలిమెట్టు కార్యక్రమంలో పిల్లల స్థాయిలు చూడాలి, ఆన్‌లైన్ హాజరు వేయాలి, భోజనం లెక్క రాయాలి, ఐదు తరగతులకూ తానొక్కడే. అరవై మంది లోపు పిల్లలున్న బడికి కూడా కనీసం ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది, అయినా తండాల్లో ఏకోపాధ్యాయ బడులు ఉన్నాయి. ఆ ఒక్కరూ సెలవు పెడితే బడికి తాళమే. అలాంటి చోట పిల్లల మనసు గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం, ముందు రెండో మనిషిని ఇవ్వాలి. అలా ఇచ్చిన మనిషిని ఏడాది మధ్యలో డిప్యుటేషన్ మీద లాగేయడం ఆపాలి. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లకు టీచర్ కూడా చెప్పకుండా పోతే ఏమనిపిస్తుందో అధికారులు ఒక్కసారి ఆలోచించాలి. ఇద్దరున్న బడుల్లో మాత్రం ఆ పది నిమిషాలు దొరకవని నేను ఒప్పుకోను. దిగులుతో కూర్చున్న పిల్లకు అక్షరాలు ఎక్కవు, తొలిమెట్టు లెక్కలు బాగుపడాలన్నా ఇది కావాలి.

గురుకులాలది ఇంకాస్త సులువు, ఎందుకంటే అక్కడ కావాల్సింది ఎక్కువగా నిబంధనల మార్పే. సీటొచ్చిన పిల్లను బడి తెరవకముందే ఒకసారి తీసుకెళ్లి పడుకునే గది, తినే చోటు, బాత్రూములు చూపించాలి. అదే ఊరి నుంచి, అదే మండలం నుంచి వచ్చిన ఆరో తరగతి పిల్లను తోడుగా పెట్టాలి. ‘మొదటి నెల ఫోన్ ఇస్తే, ఇంటికి పంపిస్తే అలవాటు కారు’ అనే నమ్మకం వార్డెన్లలో చాలామందికి ఉంది, అది మారాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో కూడా తల్లి వచ్చిపోతే పిల్లలు ఇంకా ఏడుస్తారని వారానికొకసారి, రెండుసార్లు మాత్రమే చూడనిచ్చేవారు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ ఆ ఆంక్షలు తీసేయాలని చెప్పాక క్రమంగా అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. ఐదో తరగతి పిల్లలకు మొదటి రెండు నెలలు రెండు రోజులకొకసారి ఫోన్, ప్రతి ఆదివారం చూసే వీలు, రాత్రి వాళ్ల డార్మిటరీలో ఒక పెద్ద మనిషి పడక ఉండాలని గురుకుల సొసైటీలు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. వచ్చే జూన్‌కు ముందే అది రావాలి.